ఓడినవారు కూడా అంగీకరించే ఎన్నిక

మన మస్జిదు కమిటీలు, అంజుమన్లు, ఖబరస్తాన్ కమిటీలు, మదర్సా సంఘాలు, విద్యా సంక్షేమ సొసైటీలు చందాలతో పాటు నమ్మకం మీద నడుస్తాయి. చందా తగ్గితే ఖర్చు తగ్గించుకొని నెట్టుకురావచ్చు. నమ్మకం తగ్గితే మాత్రం ఒక మొహల్లాలో రెండు వర్గాలు, ఒక మస్జిదుకు రెండు కమిటీలు, చివరకు కోర్టులో ఒక దావా మిగులుతాయి. ఇలాంటి తగాదాలలో చాలా వాటికి మూలం మతపరమైన అభిప్రాయభేదం కాదు. ‘ఎన్నిక సరిగా జరగలేదు’ అన్న ఒక్క ఫిర్యాదు వాటికి మూలం.

ఇటీవల అనేక సంఘాలలో ఒక కొత్త ప్రతిపాదన వినిపిస్తున్నది. సభ్యులందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా, ఓటు కూడా ఫోనులోనే వేయిద్దామని. ఇందులో న్యాయముంది. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్‌కు, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన వారు నెలనెలా చందా పంపుతున్నారు. ఎన్నిక నాడు మాత్రం వారికి నోరు లేదు. సర్వసభ్య సమావేశానికి రాలేని వృద్ధులు, రావడానికి చోటు కల్పించబడని స్త్రీలు ఉన్నారు. వీరందరికీ ఓటు అందాలనడంలో మాకు సందేహం లేదు. అయితే ఓటు అందించే తొందరలో ఎన్నికపై ఉన్న కొద్దిపాటి నమ్మకాన్ని పోగొట్టుకోరాదన్నదే మా వాదన.

ఈ చర్చకు ఇది తగిన సమయం కూడా. 1995 నాటి వక్ఫ్ చట్టం ప్రకారం ముస్లిం పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు, బార్ కౌన్సిల్ సభ్యులు, ఏడాదికి లక్ష రూపాయలు, అంతకు మించి ఆదాయమున్న వక్ఫుల ముతవల్లీలు తమలో కొందరిని రాష్ట్ర వక్ఫ్ బోర్డుకు ఎన్నుకొనేవారు. 2025 నాటి సవరణ చట్టం ఆ ఎన్నికను తొలగించి ప్రభుత్వ నామినేషన్‌ను తెచ్చింది. దానిపై న్యాయపోరాటం సుప్రీంకోర్టులో సాగుతున్నది. పైస్థాయిలో ఎన్నిక హక్కు కోసం వాదించే సమాజం, కింది స్థాయిలో తన చేతిలోనే ఉన్న ఎన్నికలను నిర్లక్ష్యం చేస్తే ఆ వాదనకు బలమేముంటుంది? ఏళ్ళ తరబడి ఎన్నికే జరగని కమిటీలు, చేతులెత్తించి ముగించే ఎన్నికలు, ముందే రాసుకొచ్చిన జాబితాను చదివి ‘ఏకగ్రీవం’ అనిపించుకొనే సభలు మనకు కొత్త కావు. బాధ్యతను అమానత్‌గా, సంప్రదింపును షూరాగా గౌరవించే సమాజానికి ఇది తగదు.

గెలిచినవారి నమ్మకం ఎందుకూ కొరగాదు

ఏ ఎన్నికైనా గెలిచినవారికి సక్రమంగానే కనిపిస్తుంది. ఓడినవారు, వారి వెనుక నిలిచినవారు ఫలితాన్ని చూసి ‘మాకు నచ్చలేదు గాని, లెక్క సరైనదే’ అనగలిగితేనే అది ఎన్నిక. అలా అనాలంటే వారికి రుజువు కావాలి. ‘మా అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, అతనే చేశాడు, నమ్మండి’ అన్నది రుజువు కాదు.

ఇక్కడ చాలామంది ఒక ప్రశ్న అడుగుతారు. లక్షల రూపాయలు ఫోనులో పంపుతున్నాం, ఓటు వేయలేమా అని. డబ్బు పంపినప్పుడు ఎవరు, ఎవరికి, ఎంత పంపారో బ్యాంకు పుస్తకంలో నమోదవుతుంది. తప్పు జరిగితే రెండు వైపుల ఖాతాలు చూసి సరిదిద్దుతారు. ఓటు విషయంలో ఆ నమోదే ఉండకూడదు. ఎవరు ఎవరికి వేశారన్నది సంఘ అధ్యక్షుడికి గాని, యంత్రం నడిపేవారికి గాని, ఇంటి పెద్దకు గాని తెలియరాదు. అయినా తన ఓటు లెక్కలోకి వచ్చిందని సభ్యుడికి తెలియాలి. అంతేకాదు, తాను ఎవరికి వేశాడో మరొకరికి చూపించగల రసీదు అతని చేతిలో ఉండరాదు; ఉంటే ఓటును కొనవచ్చు, భయపెట్టి వేయించవచ్చు. గోప్యత, రుజువు ఒకదానికొకటి ఎదురు నడిచే అవసరాలు. ఎలక్ట్రానిక్ ఓటులోని కష్టమంతా ఈ రెండింటినీ ఒకేసారి నెరవేర్చడంలో ఉంది.

పెద్ద దేశాలు నేర్చుకొన్న పాఠాలు

మన దేశంలో ఓటింగ్ యంత్రాన్ని మొదట 1982లో కేరళలోని పరవూరు శాసనసభ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాలలో వాడారు. ఓడిన అభ్యర్థి ఏ.సి. జోస్ కోర్టుకు వెళ్ళారు. చట్టంలో యంత్రం ప్రస్తావనే లేదు గనుక ఆ పోలింగ్ చెల్లదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, ఆ కేంద్రాలలో మళ్ళీ పోలింగ్ జరిపించింది. ఆ తర్వాతనే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి యంత్రానికి చోటు కల్పించారు. మన సంఘాలకు ఇందులో నేరుగా పాఠముంది. నియమావళిలో ‘బ్యాలెట్ ద్వారా’ అని రాసి ఉండగా కార్యవర్గం తన ఇష్టంతో ఫోను ఓటు పెడితే, ఓడినవారు సవాలు చేసిన రోజున అది నిలవకపోవచ్చు. ముందు సర్వసభ్య సమావేశంలో నియమావళి సవరణ జరగాలి, ఆపైనే ఎన్నిక.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో ఇచ్చిన తీర్పు మరింత లోతైనది. 2005 పార్లమెంటు ఎన్నికలలో వాడిన ఓటింగ్ కంప్యూటర్లు రాజ్యాంగ విరుద్ధమని అది ప్రకటించింది. మోసం జరిగిందని కాదు. ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని సాధారణ పౌరుడు సైతం ఎన్నికలోని ముఖ్య దశలను స్వయంగా పరిశీలించగలగాలి. ఆ యంత్రాలతో అది సాధ్యం కాలేదన్నదే కారణం. ఐర్లాండ్ ఐదు కోట్ల యూరోలకు పైగా ఖర్చు పెట్టి కొన్న యంత్రాలను 2002లో కొన్నిచోట్ల మాత్రమే వాడి, 2009లో పక్కన పెట్టింది. నెదర్లాండ్స్‌లో 2006లో పౌరులే యంత్రం లోపాలను టెలివిజన్‌లో చూపించగా, 2008 నాటికి ఆ దేశం కాగితానికి మరలింది. ఆ ఉద్యమంలో ముందున్న రాప్ గోన్‌గ్రిప్, అమెరికా ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్, హైదరాబాదు ఇంజనీరు హరిప్రసాద్ కలిసి 2010లో భారతీయ యంత్రాన్ని పరిశీలించి, అది చేతికి చిక్కితే ఫలితాన్ని ఎలా మార్చవచ్చో చూపించారు. తన భద్రతా ఏర్పాట్ల వల్ల అది వాస్తవంలో సాధ్యం కాదని ఎన్నికల సంఘం చెబుతూ వచ్చింది. ఆ వాదోపవాదాల నడుమ 2013 అక్టోబరులో, ఓటరుకు కాగితపు చీటీ కనిపించే వీవీప్యాట్ ఏర్పాటు అవసరమని సుప్రీంకోర్టు చెప్పింది. చీటీలన్నింటినీ లెక్కించాలన్న కోరికను అదే న్యాయస్థానం 2024 ఏప్రిల్‌లో తిరస్కరించింది. నేటికీ ప్రతి శాసనసభ స్థానం పరిధిలో ఐదు కేంద్రాల చీటీలనే యంత్రంతో సరిపోలుస్తున్నారు. ఆ తీర్పుపై ఎవరి అభిప్రాయం ఏదైనా, యంత్రం పక్కన కాగితం ఉండాలన్న సూత్రం మాత్రం మన దేశంలో స్థిరపడింది.

ఇప్పుడు ఫోను ఓటు వంతు. 2021 అక్టోబరులో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మంలో స్మార్ట్‌ఫోను ద్వారా నమూనా పోలింగ్ నిర్వహించింది. 2025 జూన్‌లో బీహార్ పురపాలక ఎన్నికలలో మొబైల్ యాప్ ద్వారా నిజంగానే ఓటు వేయించారు. ఎస్తోనియా 2005 నుంచి ఇంటర్నెట్ ఓటును నడుపుతున్నది. 2023 పార్లమెంటు ఎన్నికలలో సగానికి పైగా ఓట్లు అలాగే పడ్డాయి. అయితే ఆ దేశంలో పౌరుడి గుర్తింపు కార్డులోనే డిజిటల్ తాళం ఉంది. అంతటి ఏర్పాటు ఉన్నచోట కూడా 2017లో లక్షల కార్డుల చిప్పులో లోపం బయటపడి సరిచేయవలసి వచ్చింది. స్విట్జర్లాండ్ తన విధానం మూలసంకేతాన్ని 2019లో పరిశీలనకు తెరిస్తే, స్వతంత్ర పరిశోధకులు కొద్ది వారాలలోనే ఓట్లను రుజువుకు చిక్కకుండా మార్చగల లోపాన్ని కనిపెట్టారు. తెరిచి చూపించారు గనుకనే లోపం దొరికింది. ‘మా యాప్ చాలా భద్రమైనది, లోపల ఏముందో చెప్పం’ అనే వ్యాపారిని మన సంఘాలు గుమ్మం దగ్గరే పంపివేయాలి.

చిన్న సంఘానికి చిన్న కొలతలు

మన కమిటీలలో ఓటర్లు 200, 500, మహా అయితే 2,000. ఈ సంఖ్యే మన బలం, మన బలహీనత కూడా.

బలం ఏమిటంటే, 500 బ్యాలెట్లను అందరి ముందు పరచి గట్టిగా చదువుతూ లెక్కించడానికి ఒక పూట చాలు. దానికి ఇంజనీరు అవసరం లేదు. పదో తరగతి చదివే పిల్లవాడు కూడా తప్పు పట్టగలడు. కాబట్టి సభ్యులంతా ఒకే ఊరిలో ఉంటే కాగితపు బ్యాలెట్టే మేలని మేము నిస్సంకోచంగా చెబుతున్నాం. ఎలక్ట్రానిక్ ఓటు దూరంగా ఉన్నవారి కోసం, కదలలేనివారి కోసం మాత్రమే ఉండాలి. ఆధునికంగా కనిపించడం కోసం వద్దు.

బలహీనత ఏమిటంటే, చిన్న సంఖ్యలో గోప్యత నిలవడం కష్టం. ఒక వీధిలో ఆరుగురు ఓటర్లుండి, వీధివారీగా ఫలితం చెబితే ఆరుగురి ఓటూ తెలిసిపోయినట్లే. ఇది మైనారిటీలకు బాగా తెలిసిన బాధ. సాధారణ ఎన్నికలలో బూతువారీ లెక్కలు వెల్లడైన మరునాడే ‘ఫలానా మొహల్లా మనకు వేయలేదు’ అన్న మాట వినిపిస్తుంది. రోడ్డు, నీరు, పింఛను దాకా ఆ మాట నీడ పడుతుంది. పలు కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రాన్ని వాడాలని లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సిఫారసు చేసింది అందుకే. ప్రభుత్వాన్ని అడిగే ఈ న్యాయాన్ని ముందు మన ఎన్నికలలో పాటిద్దాం. కాగితపు ఓట్లు, దూరపు ఓట్లు, స్త్రీల ఓట్లు, పురుషుల ఓట్లు అంటూ విడివిడి లెక్కలు ప్రకటించరాదు. మొత్తం ఒక్కటే ప్రకటించాలి.

నేడు కొన్నిచోట్ల వాడుతున్న సాధనాల గురించి స్పష్టంగా చెప్పాలి. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి వేశారో సాధారణంగా గ్రూపులోని వారందరికీ కనిపిస్తుంది. అది అభిప్రాయసేకరణకు పనికొస్తుంది, ఎన్నికకు పనికిరాదు. గూగుల్ ఫారంలో వచ్చిన జవాబులు ఫారం తయారుచేసిన వ్యక్తి చేతిలోని పట్టికలో పడతాయి. అతడు చూడగలడు, తుడిచివేయగలడు, మార్చగలడు. ఫోనుకు వచ్చే ఓటీపీ మనిషికి గుర్తు కాదు, సిమ్‌కు మాత్రమే గుర్తు. ఒకే ఇంటిలో నలుగురి సిమ్‌లు ఇంటి పెద్ద పేరిట, ఒకే అలమారులో ఉండే సమాజం మనది.

ఏర్పాటు ఎలా ఉండాలి

మొదటిది ఓటరు జాబితా. ఎంత గొప్ప యంత్రమైనా తప్పుడు జాబితాను సరిచేయలేదు. బీహార్‌లో 2025 ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితా నుంచి సుమారు 65 లక్షల పేర్లు పోయినప్పుడు, ఆ పేర్లను కారణాలతో సహా ప్రచురించాలని సుప్రీంకోర్టు ఆ ఏడాది ఆగస్టులో ఆదేశించింది. తీసివేసిన పేరు పక్కన కారణం చెప్పాలన్న సూత్రాన్ని మనమూ పాటించాలి. ఎన్నికకు కనీసం నెల ముందు సభ్యుల జాబితాను, తొలగించిన పేర్లను, కారణాలను మస్జిదు నోటీసు బోర్డు మీద పెట్టాలి. అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. గడువు తర్వాత జాబితా ప్రతిని పోటీదారులందరికీ సంతకాలతో ఇచ్చి మూసివేయాలి.

రెండవది, సాధనం ఎంపిక. ఆదినుంచి అంతం వరకు సరిచూడగల ఓటింగ్ పద్ధతులు ఉచితంగా, మూలసంకేతం తెరిచి అందుబాటులో ఉన్నాయి. 2008లో బెన్ అడీడా రూపొందించిన హీలియోస్, ఫ్రాన్స్ పరిశోధకులు తయారుచేసిన బెలెనియోస్ అలాంటివి. వాటి పని తీరును మన సభ్యులకు ఇలా చెప్పవచ్చు. సభ్యుడు ఓటు గుర్తించగానే అది అతని ఫోనులోనే సీలు వేసిన కవరులోకి వెళుతుంది. కవరుకు ఒక సంఖ్య ఉంటుంది. కవర్లన్నీ అందరికీ కనిపించే బోర్డు మీద ఉంటాయి. తన సంఖ్య అక్కడ ఉందో లేదో ఎవరికి వారు చూసుకోవచ్చు. ఆ సంఖ్య లోపలి ఓటును బయట పెట్టదు. విడి కవర్లను ఎవరూ తెరవరు. గణితం సాయంతో కవర్లన్నింటినీ మూసి ఉండగానే కూడి, ఆ మొత్తాన్ని మాత్రమే తెరుస్తారు. కూడిక సరిగా జరిగిందన్న రుజువును ఏ ఇంజనీరైనా తన కంప్యూటరులో మళ్ళీ సరిచూడవచ్చు. ఫోను నిజంగా తాను గుర్తించిన పేరునే కవరులో పెట్టిందా అన్న అనుమానమున్న సభ్యుడు, వేయకముందు ఒక కవరును తెరిపించి చూసి, దాన్ని రద్దు చేసి, కొత్తగా వేయవచ్చు.

మూడవది, తాళాలు. మొత్తాన్ని తెరిచే తాళం ఒకరి దగ్గర ఉండరాదు. పోటీపడే వర్గాల నుంచి ఒక్కొక్కరు, ఒక మహిళ, పోటీకి దూరంగా ఉన్న ఒక పెద్ద, బయటి సంఘం నుంచి ఒకరు, ఇలా ఐదుగురి మధ్య పంచాలి. అయితే ఐదుగురూ ఉంటేనే తెరుచుకొనేలా పెట్టరాదు. 2025లో జరిగిన ఒక ఎన్నిక ఇందుకు హెచ్చరిక. సంకేతలిపి శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం హీలియోస్‌తో తన ఎన్నిక జరిపింది. తాళం ముగ్గురి దగ్గర ఉంది, ముగ్గురిదీ కావాలి. వారిలో ఒకరి తాళం పోయింది. ఓట్లన్నీ భద్రంగా ఉన్నాయి, కానీ ఎవరూ తెరవలేకపోయారు. ఎన్నికను రద్దుచేసి, ముగ్గురిలో ఇద్దరు చాలునన్న నియమంతో మళ్ళీ జరిపారు. ఆ శాస్త్రంలో ప్రపంచ నిపుణులకే ఇది జరిగితే, మన ఖజాంచి గారి ఫోను ఆటోలో పోవడం ఏమంత వింత? ఐదుగురిలో ఏ ముగ్గురైనా తెరవగలిగేలా ఏర్పాటు చేయాలి.

నాలుగవది, గుర్తింపు సంకేతం పంపిణీ. ఓటు వేయడానికి ఇచ్చే రహస్య సంకేతాన్ని వీలైనంత వరకు సీలు కవరులో, సంతకం తీసుకొని, సభ్యుడి చేతికే ఇవ్వాలి. విదేశాలలో ఉన్నవారికి వీడియో కాల్‌లో పోటీదారుల ప్రతినిధుల ఎదుట గుర్తింపు నిర్ధారించి పంపాలి. సంకేతాలు పంచేవారు, ఓట్ల సర్వరు నడిపేవారు వేర్వేరు వ్యక్తులు కావాలి. లేకుంటే ఓటు వేయనివారి పేరిట ఓట్లు చేర్చడం ఒక్కరి చేతి పని అవుతుంది. ఎవరు ఓటు వేశారన్న జాబితాను, ఎవరికి వేశారన్నది కాకుండా, పోలింగ్ ముగిశాక పోటీదారులకు చూపాలి. రాని వ్యక్తి పేరు అందులో ఉంటే మొహల్లాయే పట్టిస్తుంది.

ఇంటి లోపలి ఒత్తిడి

ఏ గణితమూ పరిష్కరించలేని సమస్య ఒకటుంది. పోలింగ్ కేంద్రంలో తెర వెనుక మనిషి ఒంటరి. ఇంట్లో ఫోను ముందు ఒంటరి కాదు. భర్త, మామగారు, అన్న, గల్ఫ్ క్యాంపులో గది పంచుకొనే వర్గ నాయకుడు పక్కనే ఉండవచ్చు. ‘నీ ఓటు కూడా నేనే వేసేశాను’ అన్న మాటకు ఫోను ఓటు తలుపు తెరుస్తుంది. ఇలాంటి ఒత్తిడి కారణంగానే హీలియోస్‌ను ప్రభుత్వ పదవుల ఎన్నికలకు వాడవద్దని దాని కర్తలే చెబుతున్నారు.

ఎస్తోనియా దీనికి ఒక మందు కనిపెట్టింది. అక్కడ ఇంటర్నెట్‌లో ఎన్నిసార్లయినా ఓటు మార్చుకోవచ్చు, చివరిదే లెక్క. కేంద్రానికి వచ్చి కాగితం మీద వేస్తే ఇంటర్నెట్ ఓటు రద్దవుతుంది. మనమూ దీన్ని స్వీకరించాలి. కాగితపు పోలింగ్‌ను ఫోను పోలింగ్ ముగిశాక చివరి రోజున పెట్టాలి. లెక్కింపుకు ముందే, కాగితం మీద వేసినవారి ఫోను కవర్లను వేరుచేయాలి. స్త్రీల కోసం వేరే గది, స్త్రీలే నిర్వహించే పెట్టె, ఇంటికి దగ్గరలోని బడి ఉండాలి. అప్పుడు బలవంతంగా వేయించిన ఓటును నిశ్శబ్దంగా సరిదిద్దుకొనే దారి ఉంటుంది. సభ్యత్వమే స్త్రీలకు ఇవ్వని సంఘాలు ఫోను ఓటు గురించి మాట్లాడేముందు ఆ విషయం తేల్చుకోవాలి. మూడవ ఖలీఫా ఎంపిక సమయంలో అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ మదీనా స్త్రీలను కూడా సంప్రదించారని చరిత్రకారులు రాశారు. ఆ తర్వాతి శతాబ్దాలలో మనం ముందుకు వెళ్ళామా, వెనక్కి వెళ్ళామా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

ఇంత శ్రమ ఒక మస్జిదు కమిటీకి అవసరమా అని కొందరు అడగవచ్చు. ఆ కమిటీ చేతిలో దుకాణాల అద్దెలు, ఖబరస్తాన్ భూమి, జకాత్ నిధి, ఇమామ్ గారి జీతం ఉన్నాయి. వక్ఫ్ భూమిపై ఆక్రమణదారు కన్నుపడిన రోజున కోర్టుకు వెళ్ళవలసింది ఆ కమిటీయే. ‘మీరు నిజంగా ఎన్నికైన కమిటీయేనా?’ అని ఎదుటి వకీలు అడిగితే జవాబు చెప్పడానికి దాని దగ్గర ఓటరు జాబితా, సంతకాలు, బ్యాలెట్లు, లెక్కింపు పత్రం ఉండాలి. కాబట్టి ఎన్నిక పత్రాలన్నింటినీ కమిటీ పదవీకాలం ముగిసేదాకా భద్రపరచాలని నియమావళిలో రాయాలి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతి సంఘం ఐదు తీర్మానాలు చేయాలని మేము కోరుతున్నాం. ఎన్నిక తేదీని, ఎన్నిక పద్ధతిని నియమావళిలో స్పష్టంగా రాయడం. జాబితాను నెల ముందు ప్రచురించడం. ఊరిలో ఉన్నవారికి కాగితపు బ్యాలెట్, దూరాన ఉన్నవారికి మాత్రమే సరిచూడగల ఎలక్ట్రానిక్ ఓటు. పోటీదారులు లేని ఐదుగురు సభ్యుల ఎన్నికల సంఘం, అందులో కనీసం ఒక మహిళ. ఫిర్యాదులకు పదిహేను రోజుల గడువు, వాటిని విచారించడానికి మొహల్లాతో సంబంధం లేని ఒక మధ్యవర్తి. అసలు ఎన్నికకు ముందు ఏదో ఒక చిన్న విషయంపై, రంజాన్‌లో ఇఫ్తార్ ఏర్పాట్ల వంటి దానిపై, ఇదే పద్ధతిలో నమూనా ఓటింగ్ జరిపి చూడండి. లోపాలుంటే అక్కడే బయటపడతాయి. పోటీదారులంతా ఆ నమూనాను చూసి, ‘ఈ పద్ధతిలో వచ్చే ఫలితాన్ని అంగీకరిస్తాం’ అని ఎన్నికకు ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ పత్రం మీద సంతకాలు పడని పద్ధతిలో ఎన్నిక మొదలుపెట్టవద్దు.